తలకి ఇన్ని బస్తాలు

సాయంత్రం అయ్యేసరికి స్క్రీను మీద ఒక్క తప్పే మిగిలింది.

పొద్దుట నీలిమ కూర్చున్నప్పుడు అవి పేజీ నిండా ఉన్నాయి. ఒక్కొక్కదాన్నే పట్టుకుని సరిచేస్తూ వచ్చింది. ఒకచోట సున్నా ఉండాల్సింది, ఇంగ్లిషు అక్షరం ‘ఓ’ ఉంది. ఇంకోచోట నాలుగో షెడ్డు పేరు చివర కంటికి కనపడని ఖాళీ ఒకటి చేరింది. మన కంటికి అది నాలుగో షెడ్డే. లెక్కకి మాత్రం అలాంటి షెడ్డు ఎక్కడా లేదు. ఒక పట్టిక చివర పెట్టాల్సిన గుర్తు పెట్టకపోవడంతో, మనుషుల సంఖ్య చదవాల్సినచోట కంప్యూటరు వ్యాగన్ల సంఖ్య చదివేసి, అర్థం కాక ఆగిపోయింది. అన్నీ దులిపేసరికి మధ్యాహ్నం డబ్బాలో తెచ్చుకున్న పులిహోర మూత తియ్యకుండానే ఉండిపోయింది.

కంపెనీ మధురవాడలో ఉంది గాని పనంతా పోర్టులోనే. ఓడల మీద వచ్చే యూరియాని బస్తాలకెత్తి వ్యాగన్లలోకీ లారీల్లోకీ ఎక్కిస్తారు. మోసేది కళాసీలు. వాళ్లు ఏడు ముఠాలు. రేపు ఏ ముఠా ఏ షెడ్డుకి వెళ్లాలో చెప్పే లెక్కని నడపడం నీలిమ ఉద్యోగం. అందులో నియమాలు ఒక ఫైల్లో ఉంటాయి: పని తొందరగా అవ్వాలి, ఉన్న మనుషులతోనే అవ్వాలి, వ్యాగన్లు గడువులోగా కదలాలి. అంకెలు ఇంకో ఫైల్లో ఉంటాయి: ఏ ముఠాలో ఎందరు, పూటకి తలకి ఎన్ని బస్తాలు, రేపటి సరుకెంత. మొదటి ఫైలు రెండోదాన్ని తప్పు లేకుండా చదువుకుంటేనే లెక్క మొదలవుతుంది.

ఇంతకుముందు ఈ పని నవీన్ చేసేవాడు. ఎక్కడైనా అంకె లేకపోతే ముఠాలన్నిటి సగటూ వేసుకొమ్మని అతను నియమాల్లో ఒక వాక్యం రాసి వెళ్లాడు. నీలిమ పొద్దుటే ఆ వాక్యం తీసేసింది. లేని అంకెని ఉన్నట్టు చూపించే లెక్క అంటే ఆమెకి భయం. ఇప్పుడు మిగిలిన ఈ చివరి తప్పు ఆ తీసేసిన వాక్యం కింద దాక్కున్నదే. ఏడో ముఠా, తలకి ఎన్ని బస్తాలు అన్నచోట అంకె లేదు. చుక్క ఉంది. ఆ నియమాలు రాసే కంప్యూటరు భాషలో చుక్క అంటే, నా దగ్గర అంకె లేదు, మామూలుగా వేసుకునేదే వేసుకో అని.

“ఏంటి నీలిమా, ఇంకా ఎంతసేపు?” సాయిశంకర్ టీ కప్పుతో వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. ముఠాలూ లారీలూ అన్నీ చూసే మేనేజరు అతను. “ముఠాల ఫోన్లకి మెసేజి వెళ్లిపోవాలి. లేకపోతే పొద్దున్నే అందరూ గేటు దగ్గర గుంపు కడతారు.”

“ఒక్కటేనండి. షెడ్డు సూపర్వైజరు గారిని అడిగితే అయిపోతుంది.”

గురునాథరావుకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది. అవతల లారీల హారన్లూ, ఎవరో ‘జరుగు, జరుగు’ అని అరవడం.

“సార్, ఏడో ముఠాకి అంకె బదులు చుక్క ఉందండి.”

“ఆఁ, ఉందమ్మా.”

“అంకె ఎంత?”

“అది అలాగుంచీమ్మా. నవీన్ బాబున్నప్పుడు ఏ గొడవా లేదు గదా.”

“ఇప్పుడు అలా చదవదండి. అంకె కావాల్సిందే.”

“పక్కనెవరో ఉన్నట్టున్నారు?”

“నేనేనండీ రావు గారూ,” అన్నాడు సాయిశంకర్ వంగి. “త్వరగా చెప్పండి.”

“చూసి చెప్తానండి,” అని గురునాథరావు పెట్టేశాడు. తర్వాత ఎత్తలేదు.

నీలిమ ఆగలేదు. ఏ ముఠా ఎన్ని బస్తాలు మోసిందో షెడ్డు నుంచి రోజూ వచ్చే చీటీలున్నాయి. ఏడో ముఠావి తీసింది. పదమూడు మందితో భాగించింది. తొంభై రెండు. చుక్క చెరిపి ఆ అంకె కొట్టి నడిపించింది. తెర మీద ఏ మాటా రాలేదు. తప్పు లేకపోతే ఆ భాష ఏమీ అనదు. ఆ నిశ్శబ్దం కోసమే ఆమె పొద్దుట నుంచీ కూర్చుంది.

“శభాష్!” సాయిశంకర్ కప్పు బల్ల మీద పెట్టాడు. “మొదటిసారి నిజం లెక్క చూస్తున్నాం. ఈ తలకి ఇన్ని అన్న కాలమ్ ఉంది చూడు, అది ప్రింటు తీసియ్యి. షెడ్డు గోడకి అంటిస్తాను. ఒకటో ముఠా నూట అయిదు, ఏడోది తొంభై రెండు. సిగ్గుపడి పరిగెడతారు.”

ఆమె ప్రింటు తీసి ఇచ్చింది. జవాబులో ఏడో ముఠా వరసంతా సున్నాలుండటం కూడా చూసింది. రేపు సరుకు తక్కువగా ఉంది, ఎక్కువ మోసే ఆరు ముఠాలు సరిపోయాయి, అంతే అనుకుంది. పులిహోర మూత తీసింది. పొద్దుటిది అయినా పాడవలేదు. సంతోషంగా తింది.

*

మర్నాడూ సున్నాలే. ఆ మర్నాడూ అంతే.

మూడో రోజు సున్నాలు చూసేసరికి నీలిమకి తన పని మీదే అనుమానం వచ్చింది. చీటీలు మళ్లీ కూడింది. తలలు మళ్లీ లెక్కపెట్టింది. అన్నీ సరిగానే ఎక్కాయి. అయినా తేడా ఒకటి కనిపించింది. చుక్క ఉన్న రోజుల్లో ఏడో ముఠాకి పని తగ్గింది లేదు, మోసిన బస్తాలూ తక్కువేం కాదు. బహుశా మనుషుల సంఖ్యే తప్పేమో, పన్నెండుని పదమూడని కొట్టారేమో. ఫోన్లో అడిగితే ఆయన మళ్లీ చూసి చెప్తానంటాడు. స్కూటీ తీసుకుని తనే బయల్దేరింది.

మద్దిలపాలెం దగ్గర సిగ్నలు పడింది. ఎండ నెత్తిన కొడుతోంది. పక్కన ఆగిన ఆటో డ్రైవరు బండిని ఒక మూర వెనక్కి జరిపి, ఆటో నీడ ఆమె మీద పడేలా ఆపాడు. ఆమె చూసేసరికి తల అటు తిప్పుకున్నాడు.

షెడ్ల దగ్గరికి వచ్చేసరికి యూరియా ఘాటు కళ్లలోకి కొట్టింది. గోడ నీడలో పదిమందికి పైగా వరసగా కూర్చుని ఉన్నారు. భుజాల మీద బస్తాలు లాగే కొక్కేలు, పక్కన తలకి పెట్టుకునే గుడ్డ చుట్టలు. ఆ గుడ్డలు చెమట అంటక పొడిగా ఉన్నాయి. షెడ్డులో మిగతా ముఠాలు చెక్క పలకల మీంచి వ్యాగన్లలోకి ఎక్కి దిగుతున్నాయి.

“ఏటమ్మా, ఓటరు కార్డులకొచ్చినావా?” వాళ్లలో పెద్దాయన అడిగాడు. మేస్త్రీ దాలయ్య. “లిస్టులో మా ఒక్కోడి పేరూ రెండేసిసార్లుంది. ఒకటి కొట్టీ.”

“ఒకటి కొట్టమంటే రెండూ కొట్టీగల్రు మావా, ఊరుకో,” అన్నాడు పక్కవాడు. అందరూ నవ్వారు.

“పని లేదా ఇవాళ?” నీలిమ అడిగింది.

“నేదమ్మా. మూడు దినాల్నుంచి కూకునే ఉన్నాం. కూకోడం ఎంత కష్టమో ఇప్పుడు తెలస్తంది.”

“ఎవరికీ లేదా?”

“మాకే. పోనులో మెసేజొత్తాది గదా. అందరికీ షెడ్డు నంబరొత్తాది, మాకు సున్నా ఒత్తంది.”

ఆమె మనసులోనే లెక్కపెట్టింది. కూర్చున్నవాళ్లు పన్నెండు మంది. అనుకున్నదే నిజమైందని ఊపిరి పీల్చుకోబోతుంటే, గోడ చివర నిలబడ్డ మనిషి కనిపించాడు. చెయ్యి గోడకి ఆనించి, ఒక కాలి మీద బరువు వేసి ఉన్నాడు. యాభై దాటి ఉంటాయి. అందరికీ ఉన్నట్టే అతని భుజం మీదా కొక్కెం ఉంది. దాని కొన మాత్రం తుప్పు పట్టింది.

“మీరూ వీళ్ల ముఠాయేనా? కూర్చోరేం?”

“కూకుంటే లెగలేను పాపా, లెగిత్తే కూకోలేను,” అన్నాడతను. “అందుకే గోడతో నేస్తం కట్టినాను.”

“ఆడు మా దొరబాబు,” అన్నాడు దాలయ్య, అది చాలన్నట్టు.

గేటు పక్క బల్ల మీద స్టీలు బిందె పెట్టుకున్న ఆవిడ గ్లాసుల్లో రాగుల సోడంబలి పోసి ఒక్కొక్కరికీ అందిస్తోంది. దొరబాబుకి తనే తీసుకెళ్లి చేతికిచ్చింది. తర్వాత ఒక గ్లాసు నీలిమ ముందు పెట్టింది.

“వద్దండి.”

“తాగమ్మా, ఎండలో ఒచ్చినావు. మజ్జిగేసినాను.” ఆవిడ పేరు పోతమ్మ అనీ, దొరబాబు భార్య అనీ పక్కవాళ్ల మాటల్లో తెలిసింది. ఆవిడ నీలిమ దగ్గరగా వచ్చి గొంతు తగ్గించింది. “నువ్వు ఆపీసు నుంచే ఒచ్చినావు గదా? ఒక్కమాట అడుగుతాను. ఆ కంపూటరుకి మా ఆయన మీద కోపమేటమ్మా? ఈయన్నేటీ అనకుండా ఇన్నాళ్లూ ఊరుకుంది గదా, సోమారం నుంచీ ఏటొచ్చింది దానికి?”

నీలిమ గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది. అంబలి తాగింది. చల్లగా, కొంచెం ఉప్పగా ఉంది. గ్లాసు తిరిగి ఇస్తూ కూడా ఆవిడ ముఖం చూడలేకపోయింది.

*

గురునాథరావు గది షెడ్డు చివర, గాజు పలకలు బిగించిన పెట్టెలా ఉంటుంది. గోడకి ఆమె ప్రింటు తీసిచ్చిన కాగితం అంటించి ఉంది. ఏడు ముఠాలు, ఏడు అంకెలు. అడుగున తొంభై రెండు చుట్టూ ఎవరో ఎర్ర ఇంకుతో గీత గీశారు.

“కూర్చోమ్మా.” ఆయన కుర్చీ మీది దుమ్ము తనే తుడిచాడు.

“సార్, ఏడో ముఠాలో మోసేవాళ్లు పన్నెండు మందే కదా. పదమూడని వేశారేంటి?”

“పదమూడు మందే గదమ్మా ఉన్నారు.”

“దొరబాబు గారు మొయ్యలేరు కదండీ.”

“మొయ్యలేడు.” ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. “పోయినేడు వానల్లో బస్తాల దొంతర జారిపోయి ఆడి మీద పడింది. నడుం పోయింది. బస్తా కింద పడ్డోణ్ణి ముఠా ఒదలదమ్మా. ఇక్కడ ఎప్పట్నుంచో అంతే. తలలు లెక్కెట్టినప్పుడు ఆడి తలా లెక్కే, పంచుకున్నప్పుడు ఆడికీ వాటాయే. ఆడి బస్తాలు మిగతావాళ్లు తలో కొన్ని మోసేస్తారు. ఆడేమో పలకలు చూస్తాడు, లారీ వెనక్కొస్తే కేకేస్తాడు, నీళ్లు తెస్తాడు.”

నీలిమ మనసులో లెక్క కట్టింది. పన్నెండు మంది తలకి వంద మోస్తున్నారు. దాన్ని పదమూడుతో భాగిస్తే తొంభై రెండు. ఏడింట్లో అట్టడుగున ఉన్న ముఠా నిజానికి వెనకబడ్డ ముఠాయే కాదు.

“అయితే ఆ చుక్క…”

“మర్చిపోయి పెట్టింది కాదమ్మా అది.”

బయట ఇంజను కూత పెట్టింది. అది ఆగాక ఆయన కళ్లజోడు బల్ల మీద పెట్టాడు.

“అంకె వేస్తే ఆ ముఠాకి పని రాదని నాకు తెలుసు,” అన్నాడు గురునాథరావు. “తప్పు అంకె వెయ్యడానికి చెయ్యి రాలేదు. చుక్క పెడితే సగటు పడుతుందని నవీన్ బాబు ఒకసారి మాటల్లో అన్నాడు. అబద్ధమూ కాదు, నిజమూ కాదు. దాంతో ఆళ్ల పూటలు ఆళ్లకి వచ్చేవి.”

“నాకు ఫోన్లో చెప్పుంటే…”

“ఏటని చెప్పనమ్మా? నీ పక్కన సాయిశంకర్ గారుండిపోయారు.”

ఆ సాయంత్రం తెర మీద ఏ మాటా రాకపోతే తన పని పండిందనుకుంది. అప్పుడే ఇక్కడ పదమూడు ఫోన్లలో సున్నా మోగింది. తప్పు చేసి ఉంటే దిద్దుకోవచ్చు. తను చేసిన పనిలో తప్పు లేదు. ఆ మాటే ఆమెకి మింగుడు పడలేదు.

“ఇవాళ మళ్లీ చుక్క పెట్టండి. ఆ సగటు వాక్యం నేను తిరిగి రాసేస్తాను.”

ఆయన కళ్లజోడు పెట్టుకుని గోడ మీది కాగితం వైపు చూశాడు. “ఇప్పుడు అంకె అందరికీ తెలిసిపోయింది గదమ్మా. సాయిశంకర్ గారు రోజూ వచ్చి ఇక్కడే నిలబడి చదువుతున్నారు.”

ఆమె లేచింది. గుమ్మం దాటబోతుంటే ఆయన, “హెల్మెట్టు ఎండలో పెట్టేశావు, మాడిపోయుంటాది. లోపల పెట్టించాను,” అని బీరువా మీంచి తీసి ఇచ్చాడు. ఆమెకి కళ్లలో నీళ్లు వచ్చాయి. యూరియా ఘాటు అనుకున్నాడేమో, కళ్లు కడుక్కొమ్మని నీళ్ల సీసా అందించాడు.

*

“పూటల్లో కనీసం కొన్ని ప్రతి ముఠాకీ వచ్చేలా ఒక నియమం రాస్తానండి,” అంది నీలిమ ఆఫీసుకి రాగానే. “పని మొత్తానికి పెద్ద తేడా రాదు. నడిపించి చూపిస్తాను.”

సాయిశంకర్ అంతా ఓపికగానే విన్నాడు. కుర్చీ చూపించాడు, మంచినీళ్లు తెప్పించాడు. అరుస్తాడేమో అనుకున్న ఆమెకి ఆ మర్యాద చూస్తే ఆశ కలిగింది.

“నీ మనసు మంచిది,” అన్నాడు. “కానీ దీనికి నియమం ఎందుకు? చిన్న డేటా తప్పే కదా. మొయ్యనివాణ్ణి లెక్కలో పెట్టారు. పదమూడు తీసి పన్నెండు వెయ్యి. ముఠా అంకె వంద అవుతుంది, రేపే పని వస్తుంది. అందరూ హ్యాపీ.”

“దొరబాబు గారో?”

“ఎవరు?” అన్నాడు. నిజంగానే అడిగాడు. అప్పటిదాకా ఆ పేరు తను చెప్పనే లేదని ఆమెకి గుర్తొచ్చింది. చెప్పాక కూడా అతను తలూపాడంతే. చీటీలో అక్కర్లేని వరస ఒకటి కనిపిస్తే ఎలా తలూపుతారో అలాగే.

“సార్, ఆయన ఇక్కడే దెబ్బ తిన్నాడు.”

“కావచ్చు. రైల్వేవాళ్లు వ్యాగన్లు లేటైతే నన్ను అడుగుతారు, అతన్ని కాదు. హెడ్డాఫీసూ నన్నే అడుగుతుంది.” ఫోన్ తీసి గురునాథరావుకి అతనే చెప్పాడు. “పదమూడోవాడి గేటు పాసు వెనక్కి తీసుకోండి. రేపటి నుంచి ఏడో ముఠా పన్నెండు.”

“ముఠాకి చెప్తానండి,” అని వినిపించింది అవతల నుంచి.

మర్నాడు పొద్దున్న అంకెలు వచ్చాయి. ఏడో ముఠా, పదమూడు. నీలిమ ఫోన్ చేసింది.

“చెప్పానమ్మా,” అన్నాడు గురునాథరావు. “దాలయ్య ఏటన్నాడో తెలుసా? మా పన్నెండు పాసులూ తీసీసుకోండి, ఆడిదొక్కటీ ఉంచీండి, పలకలు చూసుకుంటాడు అన్నాడు. దొరబాబు నాను ఎల్లిపోతాను ఒదిలీండర్రా అని ఏడిచాడు. ఆడి భుజం మీది కొక్కెం ఆడే తీసి కిందెట్టీశాడు. దాలయ్య మళ్లీ తీసి ఆడి భుజానికే తగిలించాడు. ఇంక నేను వచ్చీశాను.”

ఆ రోజూ వరసంతా సున్నాలే. మెసేజి పంపే మీట నొక్కే ముందు నీలిమ చాలాసేపు కూర్చుంది. నొక్కింది.

*

శనివారం పొద్దున్న అంకెల ఫైలు తెరవగానే ఆమె వెన్ను నిటారుగా అయింది.

ఒకటో ముఠా, తొంభై రెండు. రెండో ముఠా, తొంభై రెండు. మూడు, నాలుగు, అయిదు, ఆరు. ఏడు. అన్నీ తొంభై రెండే.

“ఏంటిది!” సాయిశంకర్ ఆమె భుజం మీంచి చూశాడు. “ఒక గడిలో కొట్టినది కింద దాకా కాపీ అయిపోయింది. లోడింగ్ తప్పు. త్వరగా చూడు, ఈ సాయంత్రానికి వ్యాగన్లు వదలాలి.”

ఆమె కూడా అదే అనుకుంది. చీటీలు తెప్పించి మొదటి నుంచీ ఎక్కించింది. మొదటి ముఠాలో పద్ధెనిమిది మంది, మూడోదాంట్లో పదిహేను మంది. మోసిన బస్తాల మొత్తాలు ఆరు ఆరు రకాలుగా ఉన్నాయి. ఏ గడీ ఇంకో గడికి నకలు కాదు. అయినా ఏ ముఠా బస్తాలని ఆ ముఠా తలలతో భాగించినా అదే వస్తోంది. ఒక్క బస్తా ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. కాగితం మీద చేత్తో కూడా చేసి చూసింది.

“తప్పు లేదండి,” అంది.

“ఎలా ఉండదు? ఇంతమంది ఒకే అంకె ఎలా మోస్తారు?”

ఆమె కాగితం అతని వైపు తిప్పింది. అతని ముఖం ఎర్రబడి, తర్వాత నెమ్మదిగా పాలిపోయింది. కారు తాళాలు తీసుకున్నాడు. “లాప్‌టాప్ పట్టుకురా.”

షెడ్డు ముందు దిగేసరికి మొదట వినిపించింది అక్కడి చప్పుడు లేకపోవడమే. వ్యాగన్లు నిలబడి ఉన్నాయి. తలుపులు తెరిచి ఉన్నాయి. చాలావాటిలో సగానికి పైగా ఖాళీ. పలకలు వేసే ఉన్నాయి, వాటి మీద ఎవరూ లేరు. ఒకటో ముఠావాళ్లు తమ వ్యాగను నీడలో కూర్చున్నారు. వాళ్ల మేస్త్రీ సింహాద్రి, ముప్పై అయినా లేని వస్తాదులాంటి మనిషి, ఒక కాలు చాపి బస్తాకి ఆనుకుని వేరుశనక్కాయలు వలుచుకుంటున్నాడు. పనివేళలో అంత బలం ఊరికే కూర్చుని ఉండటం చూసి నీలిమ నడక తగ్గించింది.

“ఏంటయ్యా కూర్చున్నారు?” సాయిశంకర్ అరిచాడు.

“మా తలకొచ్చినయ్యి అయిపోనాయి బాబూ.” సింహాద్రి లేచి మర్యాదగా నిలబడ్డాడు.

“పూట ఇంకా ఉందిగా!”

“ఉంది బాబూ.”

“నూట అయిదు మోసేవాడివి నువ్వు!”

“మోసేవోణ్ణే. ఆ గోడ మీద తొంభై రెండుకి ఎర్రగీత గీసుంటే, అదే కావాలేటో అనుకున్నాం.” వెనక ఎవరో కిసుక్కుమన్నారు. సింహాద్రి మాత్రం నవ్వలేదు. “తక్కువ మోస్తే సున్నా ఒస్తాదని రాసినారు. ఎక్కువ మోస్తే పక్కోడికి సున్నా ఒస్తాదని రాయనేదు. అది మేవే సదూకున్నాం.”

“మొన్నటి అంకెలు ఎక్కించు,” అన్నాడు సాయిశంకర్ నీలిమ వైపు తిరిగి, గొంతు దాటని స్వరంతో. “ఇది నాటకం. మొన్నటివి వేసి, ఆరు ముఠాలతో సాయంత్రానికి అవుతుందని చూపించు.”

“చూపిస్తుందండి,” అంది నీలిమ. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. “కానీ మొన్నటి అంకెలు బస్తాలు మొయ్యవు కదా. వ్యాగన్లు అలాగే ఉంటాయి.”

అతను ఆమెని చెంపదెబ్బ తిన్నట్టు చూశాడు. తర్వాత వ్యాగన్ల వరస చివరిదాకా చూశాడు. చేతి గడియారం చూసుకున్నాడు. చొక్కా వీపంతా తడిసిపోయింది. గురునాథరావు తన గదిలోంచి కుర్చీ తెచ్చి అతని వెనక పెట్టాడు. అతను అందులో కూలబడ్డాడు.

“ఉన్నవే నడుపు,” అన్నాడు చివరికి.

గురునాథరావు గదిలో బల్ల మీద లాప్‌టాప్ పెట్టి, పొద్దున్న వచ్చిన అంకెలే ఎక్కించింది. తెర మీద ఏ మాటా రాలేదు. నియమాలు ఒక్కటి కూడా ముట్టుకోలేదు, కొత్తవేవీ రాయలేదు. మీట నొక్కింది. తలకి తొంభై రెండు చొప్పున ఆరు ముఠాలు చాలవు. మిగిలిన సరుకు సాయంత్రానికి కదలాలంటే లెక్కకి వేరే దారి లేదు. ఏడో ముఠా వరసలో సున్నాలు పోయి షెడ్డు నంబరు వచ్చింది. ఈ పూటకీ, తర్వాతి పూటకీ వచ్చింది.

ఆమె అది చదివి వినిపించింది. గురునాథరావు గుమ్మంలోకి వెళ్లి నోటికి చేతులు అడ్డుపెట్టుకుని, “దాలయ్యా! నాలుగో షెడ్డు!” అని కేకేశాడు. గోడ నీడలో పన్నెండు మంది లేచారు. ఎవరూ ఈల వెయ్యలేదు, చప్పట్లు కొట్టలేదు. గుడ్డ చుట్టలు దులుపుకున్నారు. ఒకటో ముఠావాళ్లు కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చారు.

నీలిమ సింహాద్రి దగ్గర ఆగింది. వాళ్ల కూలి బస్తా లెక్కనే. “మీకు తగ్గుతుంది కదా?”

“తగ్గుతాది. నిన్న రేత్రి మా ఆవిడ ఒకటే తిట్టు.” శనక్కాయలు గుప్పెడు ఆమె ముందుకి చాపాడు. “ఏడో ముఠాలో నీకు సుట్టాలెవులున్నారని అడిగింది. ఎవులూ నేరన్నాను. అయితే మరీ పిచ్చోడివి అంది. తీసుకో అమ్మా, ఏపినవే.”

ఆమె తీసుకుంది.

వెనక కుర్చీలోంచి సాయిశంకర్ ఫోన్లో మాట్లాడుతున్నాడు. హెడ్డాఫీసు అనుకుంటా, గొంతు బాగా మెత్తబడింది. “లేదండి, కంగారేం లేదు. డేటా లోడింగ్‌లో చిన్న తప్పు ఉండేది… ఆఁ, అవునండి. సరిచేసేశాం.”

నీలిమ చివ్వున తల తిప్పింది. ఏదో అనబోయింది. అతను కళ్లు కిందికి దించుకుని, ఫోన్ పెట్టేశాక కూడా దాన్ని చెవి దగ్గరే ఉంచుకున్నాడు. ఆమె అటు తిరిగి, చేతిలోని శనక్కాయ ఒకటి వలుచుకుంది.

నాలుగో షెడ్డు ముందు దొరబాబు అందరికంటే ముందే చేరాడు. వంగలేడు గనక పలక ఎక్కడ ఊగుతుందో కాలితో తట్టి చూశాడు. ఒకచోట ఆగి మళ్లీ తట్టాడు. దాలయ్య వచ్చి అక్కడ ఒక రాయి దోపాడు. దొరబాబు ఇంకోసారి తట్టి, చెయ్యి పైకెత్తాడు.

మొదటి బస్తా లేచింది.